ఫ్లాండర్స్–స్వాన్ జోడీ మీద గంటన్నర శ్రవణ సభ: ఏ రికార్డు, ఏ పాటలు, ఎక్కడ జాగ్రత్త పడాలి?

గ్రామఫోన్‌ముల్లు:

హాస్య పాటలు రాసి, వేదిక మీద తామే పాడిన బ్రిటన్ జోడీ మైకేల్ ఫ్లాండర్స్, డొనాల్డ్ స్వాన్‌ల మీద ఒక శ్రవణ సభకు సరంజామా సిద్ధమవుతోంది. మొత్తం గంటన్నర. వినేవాళ్ళు తెలుగువాళ్ళే. ఇంగ్లీషు బాగానే వచ్చు కానీ 1950ల నాటి లండన్ సంగతులు తెలిసినవాళ్ళు కారు. ఈ విషయం లోతుగా తెలిసినవాళ్ళను నాలుగు సంగతులు అడగాలి.

ఒకటి, వీళ్ళ జోడీ ఎప్పుడు మొదలైందని రాయాలి? ఒకచోట 1940 అని, ఒకచోట 1948 అని, ఇంకోచోట 1956 అని ఉంది. రెండు, ఇద్దరూ కలిసి వేదికెక్కిన మొదటి ప్రదర్శన రికార్డు మోనోలో ఒకటి, స్టీరియోలో ఒకటి కనిపిస్తున్నాయి. ఒకే రికార్డింగును రెండు రకాలుగా వేశారా, లేక రెండూ వేరువేరా? మూడు, మనవాళ్ళకు ఏ పాటలు అందుతాయి, ఏవి పేలకుండా పోతాయి? నాలుగు, చివర్లో ఇద్దరు గాయకులతో ఒక పాట నేరుగా పాడించాలని ఉంది. ఏది ఎంచుకోవాలి, ఎలా సాధన చేయించాలి?

అన్నట్టు, 1967లో ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయారని ఒకచోట ఉంది. అది నిజమేనా?

పాతఅట్ట:

మూడు తేదీలూ సరైనవే, కాకపోతే దేని మొదలు అన్నదాంట్లో తేడా. ఇద్దరూ వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో చదువుకున్నారు. 1940లో అక్కడే పిల్లలు వేసిన ఒక రెవ్యూలో, అంటే పాటలూ హాస్యపు తునకలూ కలిపిన ప్రదర్శనలో, మొదటిసారి కలిసి పనిచేశారు. తర్వాత యుద్ధం. ఫ్లాండర్స్ నౌకాదళంలో చేరాడు, 1943లో పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. స్వాన్ ఆయుధం పట్టనని నమోదు చేయించుకుని క్వేకర్ల (యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ) అంబులెన్స్ దళంలో పనిచేశాడు. గ్రీసులోనూ ఉన్నాడు. అతని పాటల్లో గ్రీకు వాసన అక్కడిది. రష్యన్ మాత్రం ఇంటినుంచి వచ్చింది. పుట్టింది వేల్స్‌లోని లనెల్లీలో అయినా కుటుంబం రష్యా విప్లవం నాటి కల్లోలంలో వచ్చేసినది.

1948లో మళ్ళీ కలిశారు. అప్పటినుంచి ఎనిమిదేళ్ళు వాళ్ళు పాటలు రాసింది ఇతరుల కోసమే. ఫ్లాండర్స్ మాటలు, స్వాన్ బాణీలు. లారియర్ లిస్టర్ నడిపిన రెవ్యూలకు రాశారు: ఆరంజెస్ అండ్ లెమన్స్ (1948), పెన్నీ ప్లెయిన్ (1951), ఎయిర్స్ ఆన్ ఎ షూస్ట్రింగ్ (1953). జాయిస్ గ్రెన్‌ఫెల్, ఇయాన్ వాలెస్ లాంటివాళ్ళు ఆ పాటలు పాడారు. నీటిగుర్రం బురద పాటను ముందు జనానికి పరిచయం చేసింది వాలెసే. ఆ పాట ఆయనకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఈ ఎనిమిదేళ్ళ ముచ్చట సభలో తప్పకుండా చెప్పండి. చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ మొదటిరోజునే రెండు గంటల ప్రదర్శన అంత నున్నగా ఎలా నడిచిందన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఆ పాటల్లో చాలావరకు అప్పటికే మంది నోళ్ళలో నలిగి, ఎక్కడ నవ్వు వస్తుందో ఎక్కడ రాదో తేలినవే.

1956లో డార్టింగ్‌టన్ వేసవి సంగీత పాఠశాలలో పాటలెలా రాస్తామో చెబుతూ, పాడి చూపిస్తూ ఒక ప్రసంగం చేశారు. అది బాగా పండింది. ఆ ప్రసంగమే పెరిగి పెద్దదై అదే ఏడు డిసెంబర్ 31 రాత్రి నాటింగ్ హిల్‌లోని న్యూ లిండ్సే అనే చిన్న థియేటర్లో ప్రదర్శనగా తెరలేచింది. పేరు ఎట్ ద డ్రాప్ ఆఫ్ ఎ హ్యాట్. చిటిక వేస్తే చాలు మొదలెట్టేస్తాం అన్న అర్థం. 1957 జనవరి 24న ఫార్చ్యూన్ థియేటర్‌కు మారి 1959 మే 2 దాకా ఆడింది.

ఆ తర్వాతి వరస ఇది. 1959లో ఎడిన్‌బరో ఉత్సవం. అదే ఏడు అక్టోబర్ 8న న్యూయార్క్ జాన్ గోల్డెన్ థియేటర్, 215 ప్రదర్శనలు. 1963 అక్టోబర్ 2న లండన్ హేమార్కెట్‌లో రెండో ప్రదర్శన, ఎట్ ద డ్రాప్ ఆఫ్ అనదర్ హ్యాట్. 1964లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్. 1965లో మళ్ళీ లండన్, గ్లోబ్ థియేటర్. 1966 చివర అమెరికా. న్యూయార్క్ బూత్ థియేటర్లో డిసెంబర్ 27న మొదలై 1967 ఏప్రిల్ 9న ఆఖరి ప్రదర్శన. పది రోజులకు టెలివిజన్ కోసం చిత్రీకరించారు. అంతే.

కాబట్టి మీ కాగితం మీద "స్నేహం 1940, కలిసి రాయడం 1948, కలిసి వేదికెక్కడం 1956" అని మూడు ముక్కలుగా వేస్తే గొడవ ఉండదు. వేదిక మీద ఉన్నది పదేళ్ళ మూడు నెలలే. ఆ వ్యవధిలో దాదాపు రెండు వేల ప్రదర్శనలు ఇచ్చారు.

రెండుకాలువలు:

రికార్డుల సంగతి నాది. అవి రెండూ వేరువేరు రాత్రులవి. ఒకే టేపును రెండు రకాలుగా అచ్చేసినవి కావు.

పార్లొఫోన్ మోనో ఎల్‌పీ పి.ఎం.సి. 1033, ఫార్చ్యూన్‌లో ప్రదర్శన మొదలైన కొత్తలో, 1957 ఆరంభంలో తీసింది. స్టీరియోది పి.సి.ఎస్. 3001, అదే థియేటర్లో 1959 మే నాటి ఆఖరి రాత్రిది. ఇంగ్లండ్‌లో స్టీరియో ఎల్‌పీలు దుకాణాల్లోకి వచ్చిందే 1958లో. అందుకే స్టీరియో కావాలంటే మళ్ళీ తీయక తప్పలేదు. రెండిటి వెనకా ఉన్నది రికార్డు నిర్మాత జార్జ్ మార్టినే. బీటిల్స్‌కు ముందు ఆయన చేతిలో హాస్య రికార్డులు ఎన్నో తయారయ్యాయి. నవ్వే జనాన్నీ మాట్లాడే మనిషినీ ఒకే టేపు మీద ఇమడ్చడం ఆయనకు అప్పటికే అలవాటు.

ఏది వాడాలి? పాటల కోసమైతే స్టీరియో, మాటల కోసమైతే మోనో అంటాను. 1957 నాటిదాంట్లో ఫ్లాండర్స్ ఇంకా జనాన్ని తూకం వేస్తూ మాట్లాడతాడు, చిన్న విరామాలు ఎక్కువ. 1959కి అదే మాట నునుపుదేరింది. వీలైతే ఒకే పాట పరిచయాన్ని రెండు రికార్డుల్లోంచీ పక్కపక్కన వినిపించండి. అప్పటికప్పుడు తోచి అన్నట్టుండే మాటలు రెండేళ్ళ తర్వాత కూడా దాదాపు అదే వరసలో వస్తాయి. ఆయన నోటికొచ్చింది మాట్లాడేవాడన్న అపోహకు అంతకంటే మంచి జవాబు లేదు.

ఎల్‌పీ నుంచే వినిపించేటట్టయితే:

మోనో ఎల్‌పీని స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (ముల్లు బిగించి ఉండే భాగం) ఆడిస్తే రెండు చానళ్ళనూ కలిపేయండి. మోనో గాడిలో సంగీతం అడ్డంగా ఊగుతుంది. దుమ్ము, గీతల చప్పుడు చాలావరకు నిలువు కదలిక. కలిపితే ఆ నిలువు చప్పుడు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ముల్లు మార్చే వీలుంటే మోనోకు 25 మైక్రాన్లది, స్టీరియోకు 18 మైక్రాన్లది.

స్టీరియో రికార్డును వెడల్పాటి హాల్లో రెండు స్పీకర్ల మీద వదిలితే ఎడమ కొసన కూర్చున్నవాళ్ళకు ఒక మనిషి, కుడి కొసన కూర్చున్నవాళ్ళకు ఇంకో మనిషి వినిపించి, సంభాషణ తెగిపోతుంది. హాల్లో దీన్ని కూడా మోనో చేయడమే మేలు. నిపుణులు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

శబ్దం స్థాయిని నవ్వులకు సరిపెట్టకండి, మాటకు సరిపెట్టండి. ఈ రికార్డుల్లో జనం నవ్వు మాటకంటే బాగా పెద్దది. నవ్వు చెవికి ఇంపుగా ఉండేలా తగ్గిస్తే ఆ వెంటనే వచ్చే చిన్న మాట మునిగిపోతుంది. అసలు చమత్కారం తరచుగా ఆ చిన్న మాటలోనే ఉంటుంది. నవ్వులు కత్తిరించాలనే బుద్ధి మాత్రం పుట్టనివ్వకండి. కత్తిరిస్తే ఆయన ఎందుకు ఆగాడో అర్థం కాక విరామాలన్నీ తప్పుల్లా వినిపిస్తాయి.

ఇంకొకటి. హై-ఫై, అంటే శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించే యంత్రాల పిచ్చి మీద వాళ్ళ పాట ఒకటి ఉంది, సాంగ్ ఆఫ్ రీప్రొడక్షన్. యంత్రాలు కొన్నవాడికి సంగీతం అక్కర్లేదు, శబ్దమే కావాలి. చివరికి ఆ పై శ్రుతులు వినగలిగేది దారినపోయే గబ్బిలమొక్కటే అని తేలుతుంది. నాలాంటివాళ్ళు సభకు ఎవరైనా వస్తే అది వినిపించండి.

తిశ్రగతి:

పాటల ఎంపికకు ఒక కొలబద్ద చెబుతాను. వీళ్ళ పాటల్లో హాస్యం మూడు చోట్ల పుడుతుంది: కథలో, భాషలో, కాలంలో. కథలో పుట్టింది ఏ భాషవాడికైనా అందుతుంది. భాషలో పుట్టినదానికి ముందు రెండు నిమిషాల మాట కావాలి. కాలంలో పుట్టినదాన్ని వదిలేయడమే మంచిది. ఆనాటి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద పాటకు ఎంత వివరణ ఇచ్చినా వార్తాపత్రిక చదివినట్టే ఉంటుంది.

కథలో పుట్టినవాటిలో మొదటిది గ్యాస్ మనిషి పాట. సోమవారం గ్యాస్ మనిషి వచ్చి ఒకటి బాగుచేసి ఇంకొకటి పాడుచేస్తాడు. అది సరిచేయడానికి మంగళవారం వడ్రంగి, అతను పాడుచేసిందానికి బుధవారం కరెంటు మనిషి, గురువారం అద్దాలవాడు, శుక్రవారం రంగులవాడు. ఆ రంగులవాడు గ్యాసు కుళాయి మీద కూడా రంగు పూసేసరికి అది తిరగదు. శనాదివారాలు పని లేదు. సోమవారం మళ్ళీ గ్యాస్ మనిషే. మనవాళ్ళకు దీనికి వివరణే అక్కర్లేదు. ఏడు చేపల కథలో చేప ఎందుకు ఎండలేదో అడుగుతూ చీమ దాకా వెళ్తాం కదా, ఇక్కడ చీమ దగ్గర ఆగకుండా మళ్ళీ చేప దగ్గరికే వస్తుంది. మొదటి పాటగా ఇదే పెట్టండి.

రెండోది మిస్‌అలయన్స్. రెండు తీగలు ప్రేమించుకుంటాయి. హనీసకిల్ కుడివైపు తిరుగుతూ అల్లుకునేది, బైండ్‌వీడ్ ఎడమవైపు. పెద్దలు ఒప్పుకోరు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది తప్పు కాదు. పైనుంచి చూస్తే హనీసకిల్ గడియారం ముల్లు దిశలోనూ, బైండ్‌వీడ్ దానికి ఎదురుగానూ చుట్టుకుంటాయి. కుడి, ఎడమ అనగానే రాజకీయం మనవాళ్ళకు తడుతుంది, పెళ్ళికి అడ్డొచ్చే పెద్దలూ తెలుసు. కాబట్టి రెండు పొరలూ దానంతటవే అందుతాయి.

ఇక భాషలో పుట్టినవి. గ్నూ పాటకు జాగ్రత్త అవసరం. అందులో ఉన్నదంతా ఇంగ్లీషులో రాస్తారు కానీ పలకని అక్షరం మీది వేళాకోళం. ఆ జంతువు తన పేరులోని మూగ అక్షరాన్ని గట్టిగా పలికి, అక్కడితో ఆగక, అది లేని మాటల్లోకి కూడా దాన్ని దూరుస్తుంది. రాసినట్టే పలికే భాష మనది. పైగా తెలుగు లిపిలో ఆ జంతువు పేరు రాసేటప్పుడు మనం ముందే "గ్నూ" అని గకారం పెట్టేశాం. అంటే జోకు సగం చచ్చే వచ్చింది. ఇంగ్లీషువాడి నోట ఆ పేరు మామూలుగా "నూ" అనే వస్తుందని పాటకు ముందు ఒక్కమాట చెప్పండి. పాట తర్వాత చెబితే ప్రయోజనం లేదు.

మదీరా పాట ఇంకా విలువైనది, ఇంకా కష్టమైనది. ముసలాయన ఒక అమ్మాయికి వైన్ పోసి లొంగదీసుకోవాలని చూసే కథ. ఈ రోజుల్లో ఆ కథ వినేవాళ్ళకు ఇబ్బంది కలిగించవచ్చు, అదీ గుర్తుంచుకోండి. పనితనం మాత్రం ఒకే క్రియకు పొంతన లేని నాలుగు కర్మలను వేలాడదీయడంలో ఉంది. ఇంగ్లీషులో ఒకే క్రియతో పిల్లిని బయటికి పంపవచ్చు, వైన్ బయట పెట్టవచ్చు, చుట్ట ఆర్పవచ్చు, దీపాలూ ఆర్పవచ్చు. తెలుగులో "ఆర్పు" అని అనువదిస్తే పిల్లి దగ్గరే కూలిపోతుంది. అలాంటి పని మన భాషలో చేసేవి "వేయు", "తీయు" లాంటి క్రియలు. "ఆవిడ తలుపూ, లైటూ, దుప్పటీ, ఒక కేకా వేసింది." "అతను గొళ్ళెమూ, కూనిరాగమూ, చివరికి పరుగూ తీశాడు." ఇలాంటివి రెండు చెప్పి పాట వినిపిస్తే హాలు పట్టుకుంటుంది. అలంకారశాస్త్రం ఇష్టమైనవాళ్ళుంటే దీపకానికి శ్లేష తోడైనట్టని చెప్పండి, తలూపుతారు.

ఒక్క పాటకు మాత్రం కాలం తెలిసి తీరాలి. స్లో ట్రైన్. 1963 మార్చిలో బ్రిటిష్ రైల్వేల మీద బీచింగ్ నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లు మూయమన్నారు. అదే ఏడు అక్టోబర్లో తెరలేచిన రెండో ప్రదర్శనలో ఈ పాట ఉంది. అందులో జోకులు లేవు. మూతపడబోయే చిన్న స్టేషన్ల పేర్లు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా చదువుకుంటూ పోతారు. పేర్లకు అర్థాలు చెప్పకండి, తెరమీద పటం వేయకండి. ఊళ్ళ పేర్లు ఊళ్ళ పేర్లలాగే వినిపించాలి. తర్వాత ఒక్క సంగతి చెప్పవచ్చు: పాటలో పేరున్నవన్నీ మూతపడలేదు. చెస్టర్-లె-స్ట్రీట్, ఫార్మ్‌బీ, ఆంబర్‌గేట్, ఆరమ్ ఇప్పటికీ నడుస్తున్నాయి. సెయింట్ అర్త్ నుంచి సెయింట్ ఐవ్స్ వెళ్ళే లైనూ బతికింది.

హాస్యగాళ్ళు పెట్టిన నిశ్శబ్దం కాబట్టే అది అంత లోతుగా దిగుతుంది. దాన్ని ముందు పెడితే ఉత్త విషాద గీతం. కనీసం నాలుగు నవ్వుల తర్వాతే పెట్టండి.

గ్రామఫోన్‌ముల్లు:

ఎంతో మేలు చేశారండీ. సమయం లెక్క ఎలా వేసుకోవాలి? తొమ్మిది పాటలు అనుకున్నాను. గ్రీన్‌స్లీవ్స్ కూడా పెట్టాలని ఉంది. నేరుగా పాడించే పాట సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

తెరపక్క:

తొమ్మిది ఎక్కువ. వీళ్ళ పాట సగటున మూడు నిమిషాల చుట్టూ ఉంటుంది గానీ రికార్డులో దానికి ముందున్న మాట కలిపితే ఐదు. మీ మాట ఇంకో మూడు. అంటే పాటకు ఎనిమిది నిమిషాలు. తొమ్మిదికి 72. మిగిలే పద్దెనిమిది నిమిషాలు నేరుగా పాడేదానికి, కుర్చీలు సర్దుకోవడానికి చాలవు. ఏడు చాలు. గ్రీన్‌స్లీవ్స్ పాట కాదు, ఫ్లాండర్స్ ఒక్కడే చెప్పే పిట్టకథ, పాటలకంటే బాగా పొడుగు. అది పెడితే రెండు పాటలు తీసేయాలి. నా ఓటు దాన్ని పెట్టి తీగల పాటను తీసేయమనే. ఎందుకంటే వీళ్ళ ప్రదర్శనలో పాటకూ పాటకూ మధ్య నడిచే మాటే వెన్నెముక, అది ఒక్కసారైనా పూర్తిగా వినిపించాలి.

ఇప్పుడు నేరుగా పాడేది. ఇల్ విండ్ పాడిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హార్న్ అనే ఊదే ఇత్తడి వాద్యం ముందుండి, వాద్యబృందం తోడుగా నడిచే మోట్సార్ట్ రచన, నాలుగో హార్న్ కాన్చెర్టో (కె. 495), దాని ఆఖరి భాగానికి మాటలు కట్టిన పాట అది. 6/8, మన లెక్కలో తిశ్రగతిలో రెండు దెబ్బలు. హార్న్ ఊదే స్వరానికల్లా ఒక అక్షరం. హార్న్ వాద్యకారుడికి ఊపిరి తీసుకోవడానికి మోట్సార్ట్ చోట్లు వదిలాడు. కానీ మాటలు ఆ చోట్లలో కూడా అర్థం కోసం పరుగెడతాయి. దాంతో పాడేవాడు తప్పుచోట ఊపిరి తీసుకుని మాటను రెండుగా విరుస్తాడు. జోకు అక్కడే పోతుంది. చేసే తీరాలనుకుంటే రికార్డు వేగంలో సగంతో మొదలుపెట్టి, ఒక్క అక్షరం కూడా జారకుండా మూడుసార్లు వచ్చాకే నిమిషానికి నాలుగు దెబ్బల చొప్పున పెంచాలి. ఆరు వారాలు పడుతుంది.

గ్యాస్ మనిషి పాట తీసుకోండి. పల్లవి చిన్నది, చరణాల కట్టడం ఒకటే, వారాల పేర్లు దారి చూపిస్తాయి, మరచిపోయినా దొరుకుతుంది. గొంతుల ఎంపిక ముఖ్యం. ఫ్లాండర్స్‌ది కింది గొంతు, బాస్-బారిటోన్. స్వాన్‌ది పైన తేలే టెనర్. ఇద్దరూ ఒకే ఎత్తు గొంతువాళ్ళయితే ఎవరు ఎవరో తెలియదు, జోడీ కనిపించదు. పియానో వాయించేవాడు పాడగలగాలి. పాడేవాళ్ళు ఇద్దరూ, వాయించేది మూడోవాడు అయితే వీళ్ళ పద్ధతి కాదు.

ఎక్కడ చెడుతుందంటే:

వేగం బాణీని బట్టి పెట్టుకుంటారు. తప్పు. పాట మొత్తంలో నోరు తిరగని వాక్యం ఏదో చూసి, అది ఎంత వేగంలో స్పష్టంగా వస్తుందో అంత వేగమే పాటకంతటికీ పెట్టాలి.

పాట ఎత్తుగడ ముక్కను ఒక్కసారే వాయించి పాట ఎత్తుకుంటారు. అంతకుముందు మాటకు వచ్చిన నవ్వులో ఆ ముక్క మునిగిపోతుంది, పాడేవాడికి శ్రుతి అందదు. ఎన్నిసార్లయినా తిప్పి వాయించగల రెండు ఆవర్తాల ముక్క కావాలి. పాడేవాడు ఊపిరి తీసుకోవడం చూసి పియానో ముందుకు కదలాలి. అందుకే పియానోను అడ్డంగా పెట్టి, వాయించేవాడికి పాడేవాడి ముఖం కనిపించేలా కూర్చోబెట్టండి.

నవ్వు పూర్తిగా ఆగేదాకా ఎదురుచూస్తారు. అప్పటికి హాలు చల్లారిపోతుంది. నవ్వు శిఖరం దాటి సగానికి దిగుతుండగా అందుకోవాలి. మరీ ముందే అందుకుంటే మాట వినపడదు, రెండుసార్లు అలా జరిగితే మాట పోతుందేమోనన్న భయంతో జనం నవ్వడమే మానేస్తారు.

చివరిది మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, మన గొంతు చివరి అక్షరాన్ని సాగదీయడానికి అలవాటు పడింది. ఇంగ్లీషు జోకు చాలాసార్లు హల్లు మీద ఠక్కున ఆగుతుంది. చివరి టకారమో డకారమో విడిచిపెట్టకుండా మింగితే, లేదా దానికి ఉకారం తగిలిస్తే, ప్రాస కలిసినట్టే వినపడదు. ఆ చివరి మాటలను విడిగా ఒక కాగితం మీద రాసుకుని పాట లేకుండా పలికించండి. పియానో కూడా ఆ క్షణంలో పెడల్ వదిలేయాలి.

వేదిక మీద వాళ్ళకు ఒక పియానో, ఒక నిలువు దీపం, ఒక తివాచీ, ఫ్లాండర్స్ చక్రాల కుర్చీ, అంతే ఉండేవి. మీకూ అంతకంటే అక్కర్లేదు. కుర్చీని మాత్రం అనుకరించకండి, మామూలు కుర్చీలో కూర్చుని పాడితే చాలు. అది ఆయనకు వేషం కాదు. మెట్లున్న థియేటర్లలోకి కుర్చీ ఎలా వెళ్తుందన్నది జీవితాంతం ఆయనకు నిజమైన సమస్య, వికలాంగులకు దారి ఉండాలని గట్టిగా మాట్లాడాడు కూడా.

పాతఅట్ట:

పోట్లాట సంగతి మిగిలిపోయింది. పోట్లాట కాదు. స్వాన్‌కు వేరే సంగీతం మీదికి మనసు మళ్ళింది. అదే 1967లో, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ కవితలకు ఆయన కట్టిన బాణీలు పుస్తకంగా వచ్చాయి. అందులో ఒకదానికి, టోల్కీన్ కథల్లోని ఎల్వ్‌లనే జాతి భాషలో ఉన్న నమారియేకు, ఆయన స్వయంగా గ్రెగోరియన్ మంత్రం (పాత చర్చి గానం) ధోరణిలో కూనిరాగం తీసి చూపిస్తే స్వాన్ దాన్నే తీసుకున్నాడు. నిజానికి ఇటువైపు పని కొత్తగా మొదలైంది కాదు, 1950ల్లోనే బీబీసీలో హెన్రీ రీడ్ రాసిన హిల్డా టాబ్లెట్ రేడియో నాటకాలకు సంగీతం చేశాడు. ఫ్లాండర్స్‌కూ వేరే పని ఉండనే ఉంది. 1962లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ వేసిన బ్రెహ్ట్ నాటకంలో కథకుడి పాత్ర వేశాడు, 1970లో జోసెఫ్ హోరోవిట్జ్ సంగీతానికి నోవా ఓడ మీద పిల్లల బృందగానం రాశాడు. 1975 ఏప్రిల్‌లో 53 ఏళ్ళకే పోయాడు. స్వాన్ 1994 మార్చి దాకా ఉన్నాడు.

తిశ్రగతి:

ఒకచోట మాత్రం ఒప్పుకోలేను. "మనసు మళ్ళింది" అంటే 1967లో హఠాత్తుగా జరిగినట్టుంటుంది. ప్రదర్శనలోనే ఆ మళ్ళింపు కనిపిస్తుంది. మొదటిదాంట్లో స్వాన్‌కు ఒక గ్రీకు పాట, రెండోదాంట్లో రష్యన్ పాట. ఆ రష్యన్ పాటకు ఫ్లాండర్స్ పక్కనుంచి వాక్యానికి వాక్యం ఇంగ్లీషు చెబుతుంటాడు, వచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. నవ్వులాట లోపలే స్వాన్ తన సొంత సంగీతానికి కాస్త చోటు ఉంచుకున్నాడు. ఆ చోటు సరిపోలేదు, అంతే. రష్యన్ పాటను మీ ఏడింటిలో ఒకటిగా పెట్టండి. భాష తెలియకపోవడమే అందులో జోకు కాబట్టి మన హాలుకు, లండన్ హాలుకు తేడా ఉండదు.

గ్రామఫోన్‌ముల్లు:

అయితే వరస ఇలా: గ్యాస్ మనిషి (రికార్డు), గ్నూ, హై-ఫై, గ్రీన్‌స్లీవ్స్, రష్యన్ పాట, స్లో ట్రైన్, తర్వాత గ్యాస్ మనిషి మళ్ళీ నేరుగా, చివర నీటిగుర్రం. మదీరా తీసేశాను. అనుమతుల సంగతి ఏమైనా ఉందా?

తెరపక్క:

ఉంది. బ్రిటన్ చట్టం ప్రకారం ఇద్దరూ కలిసి చేసిన పాటకు హక్కులు ఆఖరున పోయినవాడి నుంచి 70 ఏళ్ళు, అంటే 2064 చివరి దాకా. రికార్డు వినిపించడానికి ఒక అనుమతి, నేరుగా పాడడానికి ఇంకొకటి. టిక్కెట్టు లేకపోయినా అడగాల్సిందే.

గ్యాస్ మనిషిని మొదటా చివరా రెండుసార్లు పెట్టడం మంచి ఆలోచన. సోమవారం మళ్ళీ వచ్చినట్టుంటుంది. నీటిగుర్రం పల్లవి జనంతో పాడించండి, వాళ్ళూ అదే చేసేవారు. పల్లవి మాటలు అచ్చువేసి ముందే పంచితే మొదటి పాట నుంచీ కాగితాల గలగల. ఆ పాట ముందు తెరమీద చూపిస్తే సరి.

పాతఅట్ట:

కాగితం అచ్చుకు పంపేముందు ఒక్కటి. 1965 వరసలో "గ్లోబ్ థియేటర్" అని ఊరికే వేస్తే అందరూ షేక్స్‌పియర్ గ్లోబ్ అనుకుంటారు. అది ఇది కాదు, ఇప్పుడు థేమ్స్ ఒడ్డున ఉన్నది అప్పటికి కట్టనేలేదు. వీళ్ళు ఆడింది షాఫ్ట్స్‌బరీ ఎవెన్యూలోని గ్లోబ్. 1994లో దాని పేరు గీల్‌గుడ్ థియేటర్‌గా మార్చారు. పక్కనే "నేటి గీల్‌గుడ్" అని రాయండి.